స్థిర చలరాశితో నా తగువు

స్టాటిక్ చలరాశి విలువ మారవచ్చు అని రాసినందుకు ఒక అమ్మాయికి ఉద్యోగం చేజారింది. మారదు అని రాసినవాళ్లందరికీ మార్కు పడింది. మారవచ్చు అన్నదే నిజం. ఆ సంగతి పరీక్ష పెట్టినవాళ్ల గదిలో ఉన్న ఏ కంప్యూటర్‌ను అడిగినా చెప్పేది. ఎవరూ అడగలేదు.

పల్లెల నుంచి వచ్చే తెలుగు మీడియం పిల్లలకు కంప్యూటర్ నేర్పే శిక్షణ సంస్థ ఒకటి ఎల్బీనగర్‌లో ఉంది. పేరు రాయను. ల్యాబులో పిల్లల పక్కన నిలబడి నేర్పే మనిషి కావాలని వాళ్లు పరీక్ష పెట్టారు. నా దగ్గర చదువుకున్న ఎస్తేరు రాసింది. ఫలితాలతో పాటు సరైన జవాబుల పట్టీ, అదే ‘కీ’, కూడా తలుపుకు అంటించారు. ఎస్తేరుకు ఒక్క మార్కు తక్కువైంది. ఆ ఒక్క మార్కు ఈ ప్రశ్నదే.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో సి అనే కంప్యూటర్ భాష చెప్పి బతికినవాణ్ణి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. ఏ ఏడాది ఏ హోదా వచ్చిందో రాయను, అది మీకెందుకూ పనికిరాదు. ఒక్క మాట వల్ల నాకు పట్టిన అయోమయం గురించి మాత్రం రాస్తాను. అది ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

గుడ్డ కప్పే పని

నేను పదో తరగతి దాటలేదు. సైదాబాద్‌లో టైపు నేర్పే చోట పనికి కుదిరాను. అక్కడికి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు సాయంత్రం దాని మీద గుడ్డ కప్పడం, పొద్దున తీయడం నా పని. గుడ్డ తీసిన తరువాత పిల్లలు వచ్చేలోపు దొరికిన సమయంలోనే నేర్చుకున్నాను. కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకానికి అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. రాసినవాడెవరో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు గురువు లేడు కనుక, ఎవరో చెప్పారని నమ్మే అలవాటూ రాలేదు. సందేహం వస్తే మెషిన్ మీద నడిపి చూడడమే.

తరువాత దిల్‌సుఖ్‌నగర్‌లో రాఘవరావు గారి దగ్గర చేరాను. చెప్పుల దుకాణం పైన రెండు గదులు. మెట్ల పొడవునా మా బోర్డులూ పక్కవాళ్ల బోర్డులూ ఒకదాని మీద ఒకటి. రాఘవరావు గారిది గుంటూరు వైపు. మనిషి మంచివాడు. ఇంగ్లీషు రాదని ఏ పిల్లనూ పిల్లవాణ్ణీ మెట్ల మీద నుంచి వెనక్కి పంపలేదు. కరెంటు పోతే సుద్దముక్కతో బోర్డు మీద ప్రోగ్రాం రాసి, తానే కంప్యూటరై ఒక్కో లైను నడిచి చూపేవాడు. తెలుగులో పాఠాలు రాసిన మనిషి ఆ వీధిలో అప్పటికి ఆయనొక్కడే. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరువాత నేను ఆయన్ని తిట్టబోతున్నాను.

కదలని కదిలేది

సి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ప్రోగ్రాంలో విలువ పెట్టుకునే డబ్బాను చలరాశి అంటారు. ఆ డబ్బా ఎంతసేపు బతకాలి, ఎవరికి కనిపించాలి అని చెప్పడానికి సిలో కొన్ని మాటలున్నాయి: ఆటో, రిజిస్టర్, స్టాటిక్, ఎక్స్‌టర్న్. లెక్కకు ఇంకా ఉన్నాయంటారు. నేను బతుకంతా చెప్పినవి ఈ నాలుగే.

ప్రోగ్రాంలో ఒక పని చేసిపెట్టే ముక్కను ఫంక్షన్ అంటారు. పిలిచినప్పుడు వస్తుంది, పని చేస్తుంది, పోతుంది. దాని లోపలి మామూలు డబ్బా దానితోపాటే పోతుంది. అది ఆటో. మళ్లీ పిలిస్తే మళ్లీ కొత్త డబ్బా. స్టాటిక్ అని రాస్తే డబ్బా పోదు, అందులోని విలువా పోదు. మళ్లీ పిలిచినప్పుడు పాత విలువ దగ్గరి నుంచే మొదలవుతుంది. పోకపోవడం వేరు, మారకపోవడం వేరు. నా తగువంతా ఇంతే.

రాఘవరావు గారు స్టాటిక్‌కు పాఠంలో ‘స్థిర చలరాశి’ అని రాశారు. తెలుగు మీడియం పిల్లలు బడిలో లెక్కల్లో ‘స్థిరరాశి’ అని చదువుకుని వస్తారు. దానర్థం విలువ మారనిది. స్థిర అన్న మాట కనబడగానే వాళ్ల బుర్ర నేరుగా అక్కడికి పోతుంది. ఇంగ్లీషులో చదివినవాడికి ఈ తిప్పలు లేవు. స్టాటిక్ అంటే ఏంటో వాడికీ తెలియదు, అందుకని చెప్పింది వింటాడు. మన పిల్లలకు మాట తెలిసి ఉండడమే చేటు చేసింది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

“సార్, చలరాశి అంటేనే కదిలేది కదా. స్థిర చలరాశి అంటే కదలని కదిలేదా? గిదేంది సార్?”

“ఏవయ్యా యాదగిరీ, స్టాటిక్ అంటే డిక్షనరీలో ఏవుంది? కదలనిది. కదలనిదంటే స్థిరం. వేరియబుల్ అంటే చలరాశి. రెండూ కలిపాను. ఇందులో నీకొచ్చిన ఇబ్బందేంటి?”

“కలిపితే అర్థం పోతుంది సార్.”

“పోతే పోనీవయ్యా. పిల్లలు రాసుకుంటున్నారా లేదా?”

వైరస్

మాటలతో పని కాదని ప్రోగ్రాం రాశాను. ఒక ఫంక్షన్, లోపల స్టాటిక్‌గా ఒక చలరాశి, మొదట సున్నా. పిలిచినప్పుడల్లా ఒకటి కలిపి తెర మీద చూపించమన్నాను. మూడుసార్లు పిలిచాను. ఒకటి, రెండు, మూడు అని వచ్చింది. రాఘవరావు గారిని పిలిచి చూపించాను.

ఆయన కళ్లద్దాలు పైకి జరిపి చూశారు. “స్థిరం అన్నాక పెరగడవేంటి?” అన్నారు.

“నేనూ గదే అంటున్న సార్.”

“వైరస్ పట్టింది. ఫార్మాట్ కొట్టించు.”

ఆ రోజుల్లో అర్థం కానిదంతా వైరసే. పెద్దాయన మాట కాదనలేక ఫార్మాట్ కొట్టించాను. అన్నీ మళ్లీ ఎక్కించి నడిపితే మళ్లీ ఒకటి, రెండు, మూడు. పక్క మెషిన్ మీద నడిపాను. అక్కడా అంతే.

“చూశావా, అంటుకుంది” అన్నారాయన.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొత్తగా చెప్పడానికి వచ్చేవాళ్లు ఒకటి గుర్తు పెట్టుకోండి. తెలియని పంతులుతో పిల్లలకు పెద్దగా నష్టం లేదు, వాళ్లు ఇంకెక్కడో తెలుసుకుంటారు. నష్టమంతా ఎదురుగా తెర చెబుతున్నా తెరదే తప్పు అనే పంతులుతో. ఆయన చెప్పింది పిల్లలు నోటుబుక్కులో పెట్టుకుని ఊరికి పోతారు, అక్కడ తమ్ముళ్లకు చెబుతారు.

అప్పటి నుంచి నా బ్యాచ్‌లో నేను ‘స్థిర’ అనే మాట పలకలేదు. స్టాటిక్ అనే అన్నాను. ఆయన బ్యాచ్‌లో ఆయన మాట, నా బ్యాచ్‌లో నా మాట. రెండు గదుల మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడే. ఆయన అటు ‘మారదు’ అని గట్టిగా చెబితే, ఇటు పిల్లలు నా మొహం చూసేవాళ్లు.

నిలవ జాడీ

రాఘవరావు గారు ఆ గదులు నాకు వదిలి ఎటో వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఎస్తేరు నా చివరి బ్యాచ్‌లలో చదివింది. వాళ్లది నల్లగొండ దగ్గరి పల్లె, మన్సూరాబాద్‌లో కిరాయికి ఉంటారు. తండ్రి దేవదానం ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటో నడుపుతాడు. ఆ అమ్మాయి కొత్తపేటలో జిరాక్స్ షాపులో పొద్దంతా నిలబడి ఊళ్లోవాళ్ల కాగితాలకు నకళ్లు తీస్తుంది. “నాకు నేర్పుడు పని కావాలె సార్, కాయితాలు తిప్పుడు కాదు” అని ఎప్పుడూ అనేది. చేతిలోకి వచ్చిన ఆ పని స్టాటిక్ దగ్గర జారింది.

ఫలితాలు వచ్చిన మరునాడు తండ్రీ బిడ్డా మా ఇంటికి వచ్చారు. దేవదానం కూర్చోలేదు.

“సార్, నాకు కంప్యూటర్ తెల్వది. ఒక్కటే చెప్పుర్రి. మా పిల్ల తప్పు రాసిందా, కరెక్ట్ రాసిందా?”

“కరెక్ట్ రాసింది.”

“మరి నౌకరి ఎందుకు రాలే?”

“కరెక్ట్ రాసింది గనకనే రాలేదు దేవదానం.”

ఆయన నా వైపు, కూతురు వైపు చూశాడు. “గిదేం లెక్క సార్?” అన్నాడు.

నచ్చజెప్పబోయాను. తరగతిలో ఎప్పుడూ చెప్పే పోలికే అందుకున్నాను. ఆటోలో కిరాయి మీటర్ ఉంటుంది, ప్రయాణికుడు దిగగానే సున్నాకు వస్తుంది, అది ఆటో చలరాశి. మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపేది వెనక్కి రాదు, అది స్టాటిక్ అన్నాను. దేవదానం పడీ పడీ నవ్వాడు.

“మీటరా? మీటర్ ఎవడేస్తుండు సార్ గిప్పుడు? మా మీటర్ల పిట్ట గూడు పెట్టినా ఎవనికీ తెల్వది.”

ఎస్తేరు కూడా నవ్వింది. “క్లాసుల గూడ మీ మీటర్ ముచ్చట ఎవ్వరికీ సమజ్ కాలే సార్. మేమే బయటికొచ్చి వేరే తీర్గ చెప్పుకున్నం.”

“ఏం చెప్పుకున్నరే?”

“రోటి పచ్చడి ఏ పూటకాపూట నూరుకుంటం. తింటం, అయిపోతది. రేపు మళ్ల మొదలు పెట్టాలె. గది ఆటో. నిలవ పచ్చడి జాడిల ఉంటది. తిన్నకొద్ది తగ్గుతది గానీ జాడి యాడికి పోదు. నిన్న ఎంతల ఆపినమో ఇయ్యాల ఆడికెల్లే తీసుకుంటం. గది స్టాటిక్.”

నాకు ముచ్చటేసింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్లు ఆ మాట నాకెందుకు తట్టలేదు? స్థిర కాదు, నిలవ. నిలవ చలరాశి. అయినా వదలకుండా అడిగాను. ఎందుకంటే స్టాటిక్‌కు ఇంకో పని కూడా ఉంది. ఫంక్షన్ల బయట రాస్తే దానర్థం వేరే. పెద్ద ప్రోగ్రాంను కొన్ని ఫైళ్లుగా విడదీసి రాస్తారు; ఆ చలరాశి తన ఫైలు లోపలివాళ్లకే కనిపిస్తుంది, పక్క ఫైలుకు కనిపించదు.

“మరి బయట రాసే స్టాటిక్ సంగతేంది?”

“జాడి మా ఇంట్ల ఉన్నది సార్. పక్కింటోళ్లకు ఎట్ల కనబడ్తది? వాళ్లింట్ల గూడ గసొంటి జాడి ఉండొచ్చు. దానికీ దీనికీ ఏం సంబంధం?”

“రెండు పనులకు ఒక్కటే మాట ఎందుకు పెట్టిన్రు?”

“మీకు తెల్వదా సార్?”

“తెల్వదు.”

నిజంగానే తెలియదు. ఒకటి ఎంతకాలం ఉంటుందన్న సంగతి, ఇంకోటి ఎవరికి కనిపిస్తుందన్న సంగతి. కొత్త మాట పుట్టించడానికి బద్ధకించారో, నాకు అందని సంబంధమేదో ఉందో! ఆటో సంగతీ అంతే. నా కాలంలో ఉండీ లేని మాట అది. రాయకపోయినా ఉన్నట్టే లెక్క, అందుకే ఎవడూ రాసేవాడు కాదు. ఇప్పుడు కొత్త పద్ధతిలో దానికి ఇంకో పని కూడా ఇచ్చారట, డబ్బాలో వేసిన విలువను చూసి అది ఏ రకం డబ్బానో ప్రోగ్రాంను మెషిన్ భాషలోకి మార్చే కంపైలరే తేల్చుకుంటుందట. కాళ్ల కింద నేల జరుగుతున్నట్టుంటుంది. నేర్చుకున్న మాట ఏదీ ఉన్నచోట ఉండదు, తప్పుగా నేర్పిన మాట మాత్రం కదలదు.

ఎవరిని అడగాలి?

ఎస్తేరు రాసిన అభ్యంతరం పట్టుకుని ఆ సంస్థకు పోయాను. కౌంటర్‌లో ఉన్న మేడం చదివింది.

“కీ మేం చేయం సార్. ఎగ్జామ్ సెక్షన్ చేస్తది.”

ఎగ్జామ్ సెక్షన్‌లో కూర్చున్నాయన, “మేం మెటీరియల్ చూసే చేసినం సార్. తప్పుంటే మెటీరియల్‌ది” అన్నాడు.

“మెటీరియల్ ఎవరిది?”

“పెద్ద సార్‌ది. ఆయన కీ జోలికి రారు. అది మేం చూస్తం.”

సిలో ఎక్స్‌టర్న్ అనే మాటకు అర్థం ఇదే. ఈ చలరాశి నా దగ్గర లేదు, ఇంకెక్కడో ఉంది, నమ్మండి అని చెప్పడం. అన్ని ఫైళ్లూ అలాగే చెప్పి, నిజంగా ఏ ఫైలులోనూ అది లేకపోతే ప్రోగ్రాం తయారే కాదు, తిట్టి ఆపేస్తుంది. ఆఫీసులకు ఆ పట్టింపు లేదు. అలాగే నడుస్తాయి.

“పోనీ, రిజిస్టర్‌లో రాసి పొండి సార్” అంది మేడం. రాశాను. సిలో రిజిస్టర్ అని రాసేది కూడా ఒక మనవే. ఈ చలరాశిని కొంచెం వేగంగా అందేలా దగ్గర పెట్టుకో అని కంపైలర్‌ను అడగడం. వింటే వింటుంది, లేకపోతే లేదు.

బయటికి రాబోతూ, అక్కడ కూర్చున్న ఒక పిల్ల చేతిలోని మెటీరియల్ అడిగి చూశాను. ‘స్థిర చలరాశి విలువ ప్రోగ్రాము ముగియువరకు స్థిరముగా నుండును.’ ఆ ‘నుండును’ నాకు బాగా తెలుసు. దిల్‌సుఖ్‌నగర్ ప్లైవుడ్ గోడ అవతలి నుంచి ఏళ్ల తరబడి విన్నాను.

పెద్ద సార్ అంటే రాఘవరావు గారేనని అప్పుడు తెలిసింది. లోపలి గదిలో ఉన్నారు. జుట్టంతా పోయింది. గొంతు మాత్రం అలాగే ఉంది.

“ఏవయ్యా యాదగిరీ! బతికే ఉన్నావా?”

“ఉన్న సార్. మీ స్థిర చలరాశి గూడ ఉన్నది.”

“మళ్లీ మొదలెట్టావూ? కూర్చో. టీ తాగుతావా?”

టీ వద్దన్నాను. ఎస్తేరు సంగతి చెప్పాను, జిరాక్స్ షాపు సంగతి చెప్పాను. “సార్, నాతో కొట్లాట వదిలెయ్యుర్రి. ఒక్కసారి నడిపి చూడుర్రి. తెర మీద ఏమొస్తే గదే ఒప్పుకుంటా.”

ఆయన తన టీ గ్లాసు పక్కకు జరిపారు. తరువాత మెల్లగా అన్నారు.

“ఇన్ని బ్యాచ్‌లు బయటికెళ్లాయి. అందరూ ఇదే రాసి ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఇప్పుడు కీ మారిస్తే వాళ్లందరికీ తప్పు చెప్పానని నేనే మెడలో బోర్డు కట్టుకున్నట్టు కాదుటయ్యా?”

“తప్పే చెప్పిన్రు సార్.”

“నువ్వెప్పుడూ ఇంతే. మొహమ్మీద కొడతావు.”

“మొహం మీద గాకపోతే ఎక్కడ చెప్పాలె సార్? గోడ అవతలికెల్లి చెప్పి చూసిన, వినలే.”

ఆయన నవ్వారు. “సరే, నాకిప్పుడు తెర కనపడి చావదు. ఎవరిచేతన్నా నడిపిస్తాలే. వెళ్లు” అన్నారు. వచ్చేశాను. మెట్రో మెట్లెక్కుతుంటే టీ తాగి ఉండాల్సింది అనిపించింది. ఎందుకనిపించిందో తెలియదు. తిట్టడానికి పోయినవాడికి అలా అనిపించకూడదు.

ఎదురుచూపు

పిల్లలూ, ఈ పనిలో గెలుపు ఎలా ఉంటుందని నన్ను అడగకండి. మెషిన్ ముందు తేలిపోయే సంగతులు మనుషుల ముందు తేలవు. మెషిన్ ఒకటి, రెండు, మూడు అంటుంది, అంతటితో అయిపోతుంది. మనిషి అదంతా చూస్తాడు, ఒప్పుకుంటాడు కూడా. ఆ తరువాత ఏం చేస్తాడో మాత్రం నాకు ఈ వయసులోనూ అంతుపట్టదు.

నేను వచ్చేశాక ఎస్తేరు రోజూ షాపు నుంచి ఫోన్ చేసేది. “ఏమన్నా తెలిసిందా సార్?” అని అడిగేది. వెనక జిరాక్స్ మెషిన్ చప్పుడు వినిపించేది. దేవదానం మా వీధి వైపు కిరాయి దొరికితే ఆటో ఆపి, దిగకుండానే తల ఊపి అడిగేవాడు. నేనూ తల అడ్డంగా ఊపేవాణ్ణి.

రాఘవరావు గారి జవాబు నిన్న ఫోన్‌లోకి వచ్చింది. ఎవరిచేతనో టైపు చేయించినట్టుంది, మాటలు మాత్రం ఆయనవే. ఇప్పటికి నాలుగైదుసార్లు చదివాను. సంతోషించాలో, మళ్లీ ఎల్బీనగర్ పోయి తగువు పెట్టుకోవాలో తేలలేదు. ఎస్తేరుకు ఇంకా చూపించలేదు. చూపిస్తే ఎగిరి గంతేస్తుందో, పనే వద్దంటుందో తెలియదు. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

“యాదగిరీ, నువ్వు చెప్పినట్టే నడిపించి చూశాను. ఒకటి, రెండు, మూడు వచ్చింది. ఈసారి వైరస్ అనను, నువ్వే కరెక్టు. ఎస్తేరుకి మార్కు కలిపాను, సోమవారం వచ్చి చేరమను. కీ మాత్రం మార్చడం లేదు. మొదటి బ్యాచ్ నుంచీ వస్తున్న జవాబు, వచ్చే పరీక్షకీ అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఆ అమ్మాయిని కూడా పిల్లలకి మెటీరియల్లో ఉన్నట్టే చెప్పమను. ఇక ఈ మార్కు సంగతి మన ఆఫీసు లోపలిది, బయటెవరికీ కనిపించకూడదు.”